నల్లబడిన ఉన్ని ప్యాడ్

నేను ఒక పాలిషింగ్ మిషన్‌ని. కారు రంగు మీద పడిన సన్న గీతల్ని, పట్టిన మసకని తీసేసి అద్దంలా మెరిపించడం నా పని. నాకొక పిడి, ఒక తీగ, ముందు భాగంలో గుండ్రటి పళ్ళెం ఉంటాయి. ఆ పళ్ళేనికి ఉన్ని ప్యాడో, స్పాంజి ప్యాడో తగిలించి, కారు మీద కాస్త పాలిష్ మందు రాసి మీట నొక్కితే నిమిషానికి వెయ్యి సార్లకు పైగా తిరుగుతాను. ఇప్పుడు మాత్రం తిరగను. విజయవాడ ఆటోనగర్‌లో మోటార్లకు వైండింగ్ చేసే ఒక కొట్టులో, పై అర మీద, పాత ఫ్యాన్ల పక్కన పడి ఉన్నాను. లోపలి రాగితీగ కాలిపోయింది. బాగు చేయడం దండగని ఆ కొట్టాయన తేల్చేశాడు.

నా చేతి కింద మెరిసిన కార్ల లెక్క చెప్పి గొప్పలు పోవచ్చు. కానీ ఈ అర మీద కూర్చుంటే పదే పదే గుర్తొచ్చేది ఒకే ఒక్క నల్ల కారు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

నేను పుట్టిన ఫ్యాక్టరీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకావిడ నన్ను ఒక నిమిషం తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, బాగానే ఉందన్నట్టు తలూపి అట్టపెట్టెలో పెట్టింది. అక్కణ్ణుంచి హైదరాబాద్‌లో కొత్త కార్లు అమ్మే షోరూముకు చేరాను. కొత్త కారుకి కూడా గీతలుంటాయని, వాటిని నేను తీసేశాకే కొన్నవాళ్ళు దాన్ని కొత్తదనుకుని దండలు వేస్తారని అక్కడే తెలిసింది. రెండేళ్ళకి వాళ్ళు నాకన్నా తేలికైన మిషన్లు తెప్పించుకుని నన్ను పాత సామానుతో పాటు అమ్మేశారు. అలా మీరావలి చేతికొచ్చాను.

మీరావలికి అప్పటికి నలభై ఆరేళ్ళు. వాళ్ళ నాన్న తెనాలి పక్కన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ చేతి పనితనమే కొడుక్కీ వచ్చింది. పని అయ్యాక నా ఉన్ని ప్యాడ్‌ని దువ్వెనతో దువ్వి, పోగులు విడదీసి, మళ్ళీ మెత్తగా చేసేవాడు. అంత ప్రేమగా నన్ను ముట్టుకున్న మనిషి అంతకుముందు లేడు. పిచ్చేశ్వరరావు గారని ఒకాయనకు ఆటోనగర్ నాలుగో రోడ్డులో కార్ల షెడ్డు ఉండేది. మీరావలి నన్ను తీసుకుని అక్కడే పనిచేసేవాడు. మధ్యాహ్నపు ఎండలో చూస్తే కారు ఒంటి నిండా సాలెగూడులా కనిపించే గీతలు అతను చేయిపెట్టాక మాయమయ్యేవి. పక్క షెడ్లవాళ్ళు కూడా వచ్చి చూసిపోయేవాళ్ళు.

కార్లు కడిగే పని రాహేలుది. నీళ్ళ గొట్టం పట్టి కార్లు కడగడం, చక్రాలకు పట్టిన మొండి మురికిని యాసిడ్‌తో వదిలించడం, సాయంత్రం నా ప్యాడ్లు ఉతికి ఆరేయడం ఆవిడ చేసేది. మాట తక్కువ. ఎనిమిదేళ్ళుగా ఆ షెడ్డులో ఉంది. మీరావలిని అన్నా అని పిలిచేది.

ఎవరికీ తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. ఏడాదిగా మీరావలి ఎడమ కంటికి పొర కమ్ముతోంది. కారు మీద మసక పోయిందో లేదో చూడ్డానికి తల వంచి, కుడివైపుకి తిప్పి, ముక్కు రంగుకు తగిలేంత దగ్గరికి వెళ్ళేవాడు. ఎవరైనా చూస్తే మెడ నొప్పి అనేవాడు. పాలిష్ పట్టేవాడికి చూపు తగ్గిందని తెలిస్తే కారు ఎవరిస్తారు? ఆ భయం అతని చేతుల్లోంచి నా పిడికి తెలిసేది.

దసరాకి పది రోజుల ముందు ఒక డాక్టరు గారి నల్ల కారు వచ్చింది. సాయంత్రం నాలుగింటికల్లా కావాలన్నారు. నల్ల రంగు ఏదీ దాచుకోదు, దాని మీద పని కష్టం. బానెట్ మధ్యలో పొడుగ్గా ఒక గట్టు ఉంది. అలాంటి గట్ల మీద రంగు పల్చగా ఉంటుంది. అందుకని ముందే టేపు అంటించి ఆ చోటుని కాపాడుకోవాలి.

“టేపు తెమ్మంటావా అన్నా?” అని రాహేలు అడిగింది.

“వద్దులే. నా చేతికి తెలుసు,” అన్నాడు మీరావలి.

గట్టు మీదికి వచ్చాక మసక పోయిందో లేదో అతనికి కనిపించలేదు. ఇంకో రెండు క్షణాలు నన్ను అక్కడే నొక్కి ఉంచాడు. నాకు ముందే తెలిసింది. కింద వేడెక్కింది, నున్నదనం పోయింది, గరుగ్గా తగిలింది. ఆగుదామంటే మీట నా చేతిలో లేదు. ఆ మాట చెప్పి తప్పించుకోవచ్చని చాలా రోజులు అనుకున్నాను కూడా. కానీ ఆ రంగుని కోసింది నేనే. పైనున్న మెరుపు పొర ఉన్నంతసేపూ కారు రంగు ప్యాడ్‌కి అంటదు. మీరావలి నన్ను ఆపి తిప్పి చూశాడు. తెల్లటి ఉన్ని నల్లబడి ఉంది.

అతను చుట్టూ చూసి, గబగబా ప్యాడ్ పీకేసి ఉతకాల్సిన వాటి అడుగున పడేశాడు. బానెట్ మీద అరచేయంత మాసిపోయిన మచ్చ. దాని మీద మైనం రుద్దాడు. నీడలో అది కనబడలేదు. నాలుగింటికి కారుని ఎండలోకి తీయగానే కనబడింది.

“ఇదేందయ్యా మీరావలీ?” అన్నారు పిచ్చేశ్వరరావు గారు.

నేనింకా అతని చేతిలోనే ఉన్నాను. నా ఒళ్ళు వెచ్చగానే ఉంది.

“యాసిడ్ పడినట్టుందండీ. చక్రాలు కడిగేటప్పుడు చిందుంటది,” అన్నాడు.

రాహేలు చేతిలో తడిగుడ్డతో నిలబడింది. “నేను యాసిడ్ డబ్బా బానెట్ దాకా తీసుకురాలేదండీ,” అంది. ఆ తర్వాత మీరావలి వైపు చూసింది. అతను తల వంచుకుని నా తీగ చుట్టుకుంటున్నాడు. చుట్టిందే మళ్ళీ విప్పి చుట్టాడు. ఆవిడ ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రం మామూలుగానే ప్యాడ్లు ఉతికి, ఆరేసి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రావద్దన్నారు.

మనుషులు వింత జీవులు. ఎండలో తప్ప కనిపించని గీత కోసం రోజంతా నిలబడి గొడవపడతారు. ఎనిమిదేళ్ళు కళ్ళెదుట ఉన్న మనిషి మాట నిజమో కాదో తేల్చుకోవడానికి మాత్రం ఐదు నిమిషాలు పట్టలేదు.

మూడు నెలలు గడిచాయి. మీరావలి నా ప్యాడ్‌ని దువ్వడం మానేశాడు. ప్రతి కారుకీ రెండు వరసల టేపు అంటించేవాడు. మధ్యాహ్నం అన్నం సగంలో లేచిపోయేవాడు. రాహేలు ఏ షెడ్డులో అడిగినా పని ఇవ్వడం లేదని, పెళ్ళి మండపాల్లో గిన్నెలు తోముతోందని ఎవరో అంటుంటే అతను లేచి చేయి కడుక్కోవడం చూశాను.

ఒకరోజు పక్క షెడ్డులో కొత్తగా చేరిన కడిగే ఆవిడని అక్కడి మేస్త్రీ తిడుతున్నాడు. “చూసుకుని కడుగు. రాహేలు చెయ్యి పెట్టమాక,” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ మాట వాళ్ళకి అప్పటికే అలవాటైందని ఆ నవ్వులోనే తెలిసింది. ఆటోనగర్‌లో ఎవరు ఏది పాడు చేసినా ఇప్పుడది రాహేలు చెయ్యి.

మీరావలి నన్ను ఆపేశాడు. ఒక తెల్ల కారు తలుపు సగంలో ఉంది. నన్ను పట్టుకునే పిచ్చేశ్వరరావు గారి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

“ఆ బానెట్టు నేను కాల్చానండీ. యాసిడ్ కాదు. నాకు ఎడం కన్ను ఆనట్లేదు.”

ఆయన అతని చేతిలో ఉన్న నన్ను చూశారు. “మూడు నెలలు నా ఎదురుగా కూర్చుని టీ తాగావు కదయ్యా,” అన్నారు. అరవలేదు. అరిచి ఉంటే మీరావలికి కాస్త తేలికగా ఉండేదేమో. తర్వాత తన సామాను తీసుకుని వెళ్ళమన్నారు. అతను గుమ్మం దాటుతుంటే, “ఈ సంగతి డాక్టరు గారి దాకా పోనీయమాక,” అని మాత్రం అన్నారు. రాహేలుని మళ్ళీ రమ్మని చెప్పమనలేదు.

నన్ను సంచిలో వేసుకుని మీరావలి తిన్నగా బందరు కాలవ గట్టు మీదున్న రాహేలు ఇంటికి వెళ్ళాడు. ఆవిడ బయట బట్టలు ఆరేస్తోంది. కూర్చోమనలేదు. అతను నిలబడే చెప్పాడు, మొదటి నుంచి చివరి దాకా.

“నాకు తెలుసు,” అంది రాహేలు. “ఆ ప్యాడ్ ఉతికింది నేనే కదా అన్నా. బకెట్ నీళ్ళన్నీ నల్లగా అయినాయి.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెప్తే నమ్మేవాళ్ళా? అయినా, నువ్వు చెప్తావేమోనని చూశా. ఆ రోజు చూశా, తర్వాత వారం చూశా. ఆ పైన చూడటం మానేశా.”

సంచిలో ఉన్న నాకు ఆ నల్లనీళ్ళు కళ్ళకు కట్టాయి. నేను చేసిన తప్పుని ఆవిడ తన చేతులతో ఉతికి, తెల్లగా చేసి, ఆరేసి వెళ్ళింది. తిట్టి ఉన్నా ఇంత చిన్నబోయేదాన్ని కాదు.

మీరావలి ఏడుస్తూ క్షమించమన్నాడు. రాహేలు చివరి చీర తీగ మీద వేసి, చేతులు తుడుచుకుంది.

“నన్ను పనిలో పెట్టుకోనన్న షెడ్లు ఏడున్నాయి. నేను చూపిస్తా. ఇప్పుడు నాకు చెప్పిందే అక్కడ చెప్పు. నా ముందు చెప్పాల.”

అతను వెంటనే ఒప్పుకోలేదు. ఆ ఏడు షెడ్లలో చెప్పడమంటే, ఈ కళ్ళతో తనకు ఇక పాలిష్ పని ఇవ్వొద్దని ఊరంతా చాటుకోవడమే. సంచి పట్టుకున్న వేళ్ళు బిగుసుకోవడం నాకు తెలిసింది. రాహేలు తొందరపెట్టలేదు. చెప్పులేసుకుని నిలబడింది.

ఇద్దరూ నడిచారు. మొదటి షెడ్డులో మీరావలి రెండు మాటలు గొణిగి ఊరుకున్నాడు. “వాళ్ళకి వినపడలేదు,” అంది రాహేలు. మళ్ళీ చెప్పాడు. రెండో షెడ్డులో ఒకతను, ఇప్పుడెందుకులే ఇవన్నీ అని చేయి ఊపాడు. అయినా పూర్తిగా చెప్పాడు. మూడోది మేస్త్రీ తిట్టిన ఆ పక్క షెడ్డే. పొద్దున నవ్వినవాళ్ళు ఈసారి నవ్వలేదు. పని ఆపి అతని కంటివైపు చూశారు. చెప్పే కొద్దీ తేలికవుతుందని నేననుకున్నాను. అవలేదు. ప్రతిచోటా అతని చొక్కా వీపు కొత్తగా తడిసింది.

నాలుగో షెడ్డు ఒక పెద్దావిడది, కాంతమ్మ గారని. కుర్చీలో కూర్చుని మొత్తం విని, రాహేలుని పిలిచింది. “సోమవారం నుంచి రా అమ్మా. పని అడగడానికొచ్చిన రోజు నిన్ను పొమ్మన్నది నేనే. నాదీ తప్పే,” అంది.

రాహేలు వస్తానని తలూపింది. బయటికి వచ్చాక మీరావలి గోడకి చేరబడి గట్టిగా ఊపిరి వదిలాడు. ఇక ఇంటికి పోవచ్చనుకున్నాడు.

“ఇంకా మూడున్నాయి అన్నా,” అంది రాహేలు.

“పని దొరికింది కదమ్మా.”

“పని కోసం తిప్పట్లేదు నిన్ను.”

అతను సంచి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. ఐదోది అయింది. ఆరోది అయింది. ఏడో షెడ్డుకి వెళ్ళేసరికి తలుపు దించేసి తాళం వేసి ఉంది. యజమాని ఊరెళ్ళాడని, మర్నాడు పొద్దున వస్తాడని టీ కొట్టతను చెప్పాడు. ఇద్దరూ ఆ తాళం ముందు కాసేపు నిలబడ్డారు. పోనీలే అని ఆవిడ అంటుందేమోనని మీరావలి ఎదురుచూశాడు. నేను కూడా చూశాను.

“రేపు తొమ్మిదింటికి,” అని చెప్పి రాహేలు వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిడ వచ్చేసరికి మీరావలి ఆ గుమ్మం ముందే ఉన్నాడు. ఎనిమిదింటి నుంచి ఉన్నాడు.