గుండుసూదుల అక్క

ఆ సీరియల్ మొదటి రెండు నెలలూ ఈగలు తోలుకుంది. కథానాయిక నగలతోనే నిద్ర లేచేది, నగలతోనే ఏడ్చేది.

"చూడగానే 'అరె, మనింటి మనిషే' అనిపించాలమ్మా! ఈవిడ ఎవరింటి మనిషి?" అని ఛానెల్ మేనేజరు రచయిత్రి మీద విసుక్కున్నాడు.

మనింటి మనిషి అనగానే ఆమెకు అక్క తప్ప ఎవరూ గుర్తు రాలేదు. అమ్మ పోయినప్పుడు షూటింగు వదల్లేక ఒకరోజు ఆలస్యంగా చేరితే, "ఇప్పుడెవరి కోసం వచ్చావ్?" అని గుమ్మంలోనే నిలేసిన అక్క. ఆ తర్వాత ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

వారం తిరక్కుండా సీరియల్లోకి ఒక దర్జీ అక్క వచ్చింది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే చీవాట్లు పెడుతుంది. కోపమొస్తే మనుషుల్ని వదిలేసి కుట్టుమిషన్‌తో మాట్లాడుతుంది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది నిలబడే తింటుంది. జనం టీవీలకు అతుక్కుపోయారు. "మా పెద్దమ్మ అచ్చం ఇంతే", "మా అత్తని మీరెక్కడ చూశారండీ?" అంటూ ఉత్తరాలు కుప్పలు పడ్డాయి. ప్రతి కట్టలోనూ రచయిత్రి అక్క చేతిరాత ఒక్కదాని కోసమే వెతికేది. అది తప్ప అన్నీ ఉండేవి.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక బస్సెక్కింది.

అక్క దుకాణంలో మిషన్ మీద వంగి ఉంది. జుట్టు సగం నెరిసింది. సీరియల్లో అక్క జుట్టు ఇంకా నల్లగానే ఉందని రచయిత్రికి గుర్తొచ్చింది.

"సీరియల్ చూస్తున్నావా అక్కా?"

"నాకంత తీరికేది? కొలతలివ్వడానికొచ్చిన ప్రతివాళ్లూ 'అచ్చం టీవీ అక్కలా ఉన్నావ'ని ప్రాణం తీస్తుంటే ఒకరోజు చూశా." అక్క దారం పుటుక్కున కొరికింది. "ఊరందరికీ నన్ను చూపించావు. నువ్వు మాత్రం చూడ్డానికి రాలేదు."

"భయమేసింది."

"నేనేమన్నా పులినా?" మిషన్ చక్రం రెండు తిప్పులు తిరిగి ఆగింది. "అవునూ, ఆ టీవీ అక్కకి చెల్లెలు లేదేం?"

"రాద్దామని కూర్చుంటే చెయ్యాడలేదక్కా."

అక్క స్టూలు మీది బట్టలు తీసి, దాన్ని చెల్లెలి వైపు నెట్టింది.

"సాయంత్రం బస్సుకే వెళ్లాలా?"

"వెళ్లాలి."

"అయితే ఆ మూటలో చొక్కాలకి గుండీలు కుట్టి వెళ్లు."

అది సాయంత్రానికి తెమిలే పని కాదని ఇద్దరికీ తెలుసు. చెల్లెలు సూది అందుకుంది.