నిమ్మకాయల డిస్కౌంటు

"అంటే ఆ డిస్కౌంటు కారుది కాదా?" అని మునిలక్ష్మమ్మ మళ్లీ అడిగింది.

ఇన్సూరెన్సు ఏజెంటు వెంకటస్వామి చెప్పిందే చెప్పి అలిసిపోయాడు. "కాదమ్మా, మనిషిది. పాలసీ ఎవురి పేరున ఉంటే వాళ్లది. ఇన్నేండ్లూ ఒక్క క్లెయిమూ చేయలేదు గదా, ఆ తగ్గింపు దేవరాజులుతోనే పోతాది. కారు మీ పేరుకు మారినాంక మీకు మళ్లీ మొదటినించే."

"ఆయప్ప దాన్ని ఏం చేసుకుంటాడు?"

"కొత్త ఫియెట్ కొన్నాడంట గదమ్మా. దానికి వాడుకుంటాడు."

అంతే, మునిలక్ష్మమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? మదనపల్లెలో పట్టుగూళ్ల వ్యాపారం చేసే మొగుడు దేవరాజులు, కుప్పంలో బాడుగ కార్లు తిప్పే వాళ్ల కూతురు శాంతకుమారిని చూసుకుని, కట్టుకున్నదాన్ని పుంగనూరులో పుట్టింటికి పంపేశాడు. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారు. పాత అంబాసిడర్ మునిలక్ష్మమ్మకన్నారు. ఇన్సూరెన్సు గడువు తీరేదాకా అది ఆయన పేరునే ఉంటుందనీ, ఈలోగా బండికేమైనా అయితే ఆయనే బాగుచేయించాలనీ తేల్చారు. దానికి ఆమె సరేనంది. మొగుణ్ణే వదులుకున్నదానికి మిగతావి ఒక లెక్కా! కానీ ఈ డిస్కౌంటు సంగతి అప్పుడు ఎవరూ చెప్పలేదు.

"ఒక్క గీత పడలేదంటే ఎవురి పుణ్యమనుకున్నావప్పా?" అని ఏజెంటు మీదికి లేచింది. "ప్రతి శనివారం నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టింది నేను. అమాస వస్తే సక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది నేను. రాహుకాలంలో బయలుదేరతాంటే అడ్డం నిలబడి తిట్లు తిన్నది నేను. ఫలం మాత్రం ఆ కుప్పం దానికా?"

"కంపెనీలో నిమ్మకాయలకు లెక్కలేదమ్మా," అన్నాడు వెంకటస్వామి పాపం, మెల్లగా.

నిజం చెప్పాలంటే ఆమె కడుపుమంట ఆ తగ్గింపు గురించి కాదు, ముందు సీటు గురించి. అంబాసిడర్ కొన్న కొత్తలో ముందు సీటు అత్తగారిది. అత్త పోయింది, ఇక తనదే అనుకుంది. ఆ మరుసటి వారమే అక్కడికి పట్టుగూళ్ల సంచి వచ్చి కూర్చుంది. కారున్న ఇన్నేళ్లూ వెనక సీట్లో కూర్చుని మొగుడి మెడ చూస్తూ తిరిగింది మహాతల్లి. శనివారం పొద్దున ఆమె ముందు బంపరు దగ్గర వంగి నల్లదారానికి మిరపకాయలు గుచ్చి, నిమ్మకాయ పైన మూడు ముళ్లు వేస్తుంటే, ఆయన స్టీరింగు ముందు కూర్చుని హారన్ కొట్టేవాడే గాని ఒక్కనాడూ దిగి వచ్చి చూసిన పాపాన పోలేదు.

ఇప్పుడేమో ఆ కుప్పం మనిషి దర్జాగా ముందు కూర్చుంటోందట. పుంగనూరులో ఈ అంబాసిడర్ తోలే డ్రైవరు మునెప్ప మదనపల్లె పోయినప్పుడు కళ్లారా చూసి వచ్చాడు. ఆ సంగతి విన్ననాటి నుంచి మునిలక్ష్మమ్మకు అన్నం సహించడం లేదు. దాని చెయ్యి గేరు పక్కన ఉంటుందా? నవ్వుతుందా? హార్స్లీ హిల్స్ మలుపుల్లో ఆయన మీదికి ఒరుగుతుందా? కూర తరుగుతున్నా అదే ధ్యాస, జడ వేసుకుంటున్నా అదే ధ్యాస.

"ఆ డిస్కౌంటు పోవాలంటే ఏం చేయాల?" అని అడిగింది.

వెంకటస్వామి తెలివితక్కువగా నవ్వాడు. "ఏముందమ్మా, గడువులోపల బండికి దెబ్బ తగిలి, ఆయన క్లెయిము చేస్తే సరి. అంతా ఎగిరిపోతాది."

ఏజెంటు కాఫీ తాగి వెళ్లిపోయాడు. మునిలక్ష్మమ్మ వాకిట్లో నిలబడి కాసేపు అంబాసిడర్ వంక చూసింది. లోపలికి పోయి రోకలి తెచ్చింది.

మొదటి దెబ్బకు కుడివైపు లైటు పగిలింది. రెండో దెబ్బకు బానెట్ సొట్టపడింది. మునెప్ప నెత్తీ నోరూ కొట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, అయ్యో! ఏం పనమ్మా ఇది? ఇది నీ కారే గదా!"

"ఇంకా కాదులే," అని ఇంకొకటి వేసింది. అప్పటికి చెయ్యి నొప్పి పుట్టి ఆగింది. "నువ్వు రేపు మదనపల్లెకు పో. రోకలి జారి కారు మీద పడిందని చెప్పు. క్లెయిము కాయితం మీద ఆయన సంతకం కావాల. పంపిస్తే కుదరదు, స్వయానా రావాలంట, అని చెప్పు."

స్వయానా రావాలని ఏజెంటు చెప్పలేదు. అది ఆమె కలిపింది. ఎందుకు కలిపిందో ఆమెనే అడిగితే కసురుకునేది.

బుధవారం వస్తారని కబురొచ్చింది. బుధవారం పొద్దున్నే తలంటుకుంది. ఎన్నడో మడతపెట్టిన మామిడిపిందె అంచు చీర తీసింది. రాగి సంకటి, చింతచిగురు పప్పు చేసింది. ఆయనకు ఇష్టమని చేయలేదట, చిగురు వాడిపోతుందని చేసిందట! వాకిలి రెండుసార్లు ఊడ్చింది. వస్తే ఏమనాలో కూడా అనుకుంది. ముందు తిట్టాలి. కడుపునిండా తిట్టాలి. తిట్టాక మంచినీళ్లివ్వాలి. నీళ్లు తాగుతూ ఆయన తలెత్తి చూస్తే, ఆ తర్వాత సంగతి ఆమె మనసులో కూడా పైకి అనలేదు.

ఎండెక్కే వేళకు హారన్ మోగింది. నీళ్లచెంబు పట్టుకునే బయటికి వచ్చింది.

లేతనీలం ఫియెట్ గేటు ముందు ఆగి ఉంది. ముందు సీటు ఖాళీగా ఉంది. స్టీరింగు వెనక నుంచి శాంతకుమారి దిగింది. ఒక్కతే.

ముందు సీట్లో కూర్చునే మనిషిని తిట్టడానికి ఎన్ని మాటలు దాచుకుందో! తోలుకుంటూ వచ్చిన మనిషికి ఒక్కటీ పనికి రాలేదు.

"ఆయన రాలేదా?" అని మాత్రం అడగగలిగింది.

"గూళ్ల సంత ఉండాది గదక్కా, తీరలేదు. కాయితంలో సంతకం పెట్టిచ్చినాడు." శాంతకుమారి కాగితం చాపింది. ముప్పయ్యేళ్లు కూడా ఉండవు. పౌడరు లేదు, పూలు లేవు. అందంగా ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక సాకు దొరికేది.

"సంతకం పెట్టినాడా? తగ్గింపు పోతాదని తెల్దా?"

"తెలుసంట. పోతే పోనీ అన్నాడు. ఈ బండి మీ పేరుకు మారితే ఆయన పేరున ఇంక కారే ఉండదు గదక్కా, ఎందుకు పనికొస్తాది?"

"మరి ఇది?"

"ఇది నా పేరున ఉండాది. నా పేరున కొంటేనే ఎక్కుతానన్నాను. కొనిచ్చినాడు." అందులో గర్వం లేదు, ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది. "మీరు ఎప్పుడూ ఏమీ అడగలేదంట గదా."

చెంబులో నీళ్లు తొణికి మునిలక్ష్మమ్మ పాదాల మీద పడ్డాయి. అడగలేదు. నిజమే, నోరు తెరిచి ముందు సీటు కూడా అడగలేదు. అడగకుండానే ఇస్తాడని కాచుకుని కూర్చుంది, వెర్రిమొహం. వెనక అంబాసిడర్ ఒంటికన్నుతో నిలబడి ఉంది. ఎవరికీ అక్కర్లేని తగ్గింపు కోసం తన కారు తానే పగలగొట్టుకుంది.

తల వంచుకుంది. అప్పుడు కనిపించింది, ఫియెట్ బంపరుకు వేలాడుతూ. నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు, నల్లదారం.

"అది ఎవురు కట్టినారు?"

"నేనే అక్కా. మా ఇంట్లో ఇవి అలవాటు లేదు. ఆయనే పక్కన కూర్చుని నేర్పించినాడు. ఇట్లగాదు, అట్లగాదని శనివారమంతా నా పానం తీస్తాడు."

మునిలక్ష్మమ్మ చెంబు కింద పెట్టింది. వంగి, ఆ దారాన్ని పిడికిట్లో పట్టుకుని ఒక్క గుంజు గుంజి తెంపేసింది.

"అక్కా! యాల తెంపినారు?"

"కారు నీ పేరునుండాది, మనిషి నీ ఇంట్లో ఉండాడు. ఉండనీ. ఇది నాది. ఇది ఇయ్యను, పో!"

శాంతకుమారి కాగితం అరుగు మీద పెట్టి, కారెక్కి, ఒక్కసారికే చక్కగా వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయింది.

మునిలక్ష్మమ్మ అరుగు మీద కూలబడి పిడికిలి విప్పింది. నిమ్మకాయ పైన మూడు ముళ్లు. మొదటిది వదులుగా, రెండోది బిగువుగా, మూడోది తిరగేసి. అలా వేయడం ఈ లోకంలో ఆమెకొక్కదానికే తెలుసు. ఎవరికీ నేర్పలేదు. ఎవరూ చూడలేదనుకుంది.

"చూసినాడు," అంది మునెప్పతో. మునెప్పకేమీ అర్థం కాలేదు. "ఇన్నేండ్లూ ఆ ముందు అద్దంలోంచి చూస్తానే ఉన్నాడప్పా, సచ్చినోడు. ఒక్క మాట చెప్పలేదే!"

పెద్దమనుషుల ముందు కూడా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది.