ముట్లుడిగే వయసు

చేతులు ఐసు నీళ్ళలో ఉండగానే చెంచులక్ష్మికి ఒళ్ళంతా సెగ కమ్మింది. గుండెల దగ్గర మొదలై, మెడ మీదుగా చెవుల దాకా పాకింది. రొయ్యల ఫ్యాక్టరీ హాల్లో గోడకున్న మీటరు పదహారు డిగ్రీలు చూపిస్తోంది. అటూ ఇటూ ఉన్న ఆడవాళ్ళు చలికి భుజాలు ముడుచుకుని పనిచేస్తున్నారు. ఆమె మాత్రం తలకి బిగించిన టోపీ కింద, మూతికి కట్టిన మాస్కు కింద, తెల్లకోటు కింద చెమటలో నానిపోతోంది.

బల్ల మీదికి రొయ్యలు వస్తూనే ఉన్నాయి. కిలోకి ముప్పై తూగేవి ఒక ట్రేలోకి, నలభై తూగేవి ఇంకో ట్రేలోకి వేరుచేయాలి. పదహారేళ్ళుగా చెంచులక్ష్మి చేస్తున్న ఈ పనిని గ్రేడింగ్ అంటారు. కాటాతో ఆమెకి అవసరం ఉండేది కాదు, చూపు చాలు. కొత్తగా చేరిన పిల్లల్ని పని నేర్చుకోమని ఆమె పక్కనే నిలబెట్టేవాళ్ళు. ఆవేళ మాత్రం రొయ్యలన్నీ ఒక్క సైజులోనే కనిపించాయి. ఊపిరాడక మాస్కు కిందికి లాగింది.

అప్పుడే పొత్తికడుపులోంచి గడ్డలా ఏదో జారింది.

ఆరు నెలలుగా ఆమెకి ముట్టు ఒక పద్ధతిలో లేదు. రెండు నెలలు అసలు రాదు. వస్తే పది రోజులు ఆగదు. పొద్దున తమ ఊరు మైపాడులో ఫ్యాక్టరీ వ్యాను ఎక్కేముందు రెండు ప్యాడ్లు పెట్టుకుంది. అవి పదింటికే తడిసిపోయాయి.

సూపర్‌వైజర్ విజయకుమారి దగ్గరికి నడిచింది. "అమ్మా, ఒకసారి పోయొస్తా."

"ఇప్పుడే గదక్కా పోయొచ్చింది?"

"ఆగడంలా."

విజయకుమారి మెడ దగ్గర వేలాడే పర్సు చూసుకుంది. లైనుకి నలభై మంది ఆడవాళ్ళు, రెండు కార్డులు. కార్డు తీసుకోకుండా బాత్రూంకి పోకూడదని రూలు. "రెండూ బయటుండాయి. వాళ్ళని రానీ. పైనుంచి కెమెరా చూస్తావుండాది, మాస్కు పైకి లాక్కోక్కా."

చెంచులక్ష్మి బల్ల దగ్గరికి తిరిగి వచ్చింది. తొడలు దగ్గరికి బిగించి నిలబడింది. ఐసు బండి తోసుకొచ్చే మనిషి ఆమె వెనకగా పోతూ ఒక్క క్షణం ఆగి, మొహం పక్కకి తిప్పుకుని గబగబా వెళ్ళిపోయాడు. ఆమెకి అర్థమైంది. చేతులు వెనక్కి పెట్టి కోటు తడుముకుంది. తెల్లకోటు తడిగా తగిలింది.

కార్డు అడగలేదు. నేరుగా బాత్రూంకి పోయి కోటు విప్పి, కుళాయి కింద ఉతికి, పిండి, ఆ తడికోటే వేసుకుని బయటికి వచ్చేసరికి ఇరవై ఆరు నిమిషాలైంది. ఆ ఇరవై ఆరు నిమిషాల్లో ఆమె వదిలేసిన ట్రేలో రెండు సైజులూ కలిసిపోయాయి. పెట్టెలు విప్పి మళ్ళీ సర్దాల్సి వచ్చింది.

మర్నాడు మేనేజరు నరేంద్రబాబు పిలిపించాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. గొంతు పెంచే మనిషి కాదు. కెమెరా రికార్డున్న కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు.

"ఇదిగో, లోపలికి పోయింది పదకొండూ పది. బయటికి వచ్చింది పదకొండూ ముప్పై ఆరు. ఏం చేస్తావున్నావమ్మా అంతసేపు? ఫోన్ మాట్లాడతావున్నావా?"

చెంచులక్ష్మి నేల చూసింది. తన చిన్న తమ్ముడి ఈడు మగమనిషికి ఆ సంగతి ఏ మాటల్లో చెప్పాలో తెలియలేదు.

"ఆరోగ్యం బాగాలేదు సార్ ఆమెకి," అంది పక్కన నిలబడ్డ విజయకుమారి.

"బాగాలేకపోతే ఇంట్లో ఉండాలి. గ్రేడింగ్ బల్ల దగ్గర కాదు."

ఆరోజు నుంచే ఆమెని రొయ్యల తలకాయలు తుంచే వైపు మార్చారు. గ్రేడింగ్‌కి రోజుకి నాలుగొందల ఎనభై. తలకాయలు తుంచేది కిలో లెక్క. ఇరవై ఏళ్ళ పిల్లలు మూడొందల యాభై తెచ్చుకుంటారు. వేళ్ళు వంగని చెంచులక్ష్మికి రెండొందలు దాటలేదు. ఆమె నిలబడే చోట ఇప్పుడు, పోయిన ఏడు ఆమె దగ్గర పని నేర్చుకున్న పిల్ల నిలబడింది. ఆ పిల్ల ఇటు చూడకుండా జాగ్రత్తపడింది.

అవి వేట ఆపేసిన రోజులు. ఏటా వేసవిలో రెండు నెలలు సముద్రంలోకి పడవ పోకూడదు. భర్త పోలేరయ్య ఇంటి ముందు వల విప్పుకుని చిరుగులు కుట్టుకుంటూ ఉంటాడు. ఇంట్లో బియ్యం నుంచి కరెంటు బిల్లు దాకా ఆమె కూలి మీదే నడవాలి.

"నిన్నెందుకు మార్చినారే?" అన్నాడు ఆ సాయంత్రం.

"ముట్టు ఆగిపోయే ముందర ఒళ్ళు అదుపులో లేదయ్యా. పనిలో నిలబళ్ళేకపోతుండా."

పోలేరయ్య వల వైపు చూశాడు. "ఆడోళ్ళ సంగతులు నాకేం తెలుసు మే," అన్నాడు. కాసేపయ్యాక లేచి పోయి కుండలోంచి చల్లటి నీళ్ళు ముంచి తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. అంతకన్నా ఏం చేయాలో అతనికి తెలియలేదు.

విజయకుమారికి తెలుసు. వ్యానులో పక్క సీట్లో కూర్చుని చెవిలో చెప్పింది. "టౌనులో ఒక ఆస్పత్రుందక్కా. గర్భసంచి తీసేస్తారు. సర్కారు ఆరోగ్య కార్డు మీద అయిపోద్ది, చేతి డబ్బు పెద్దగా పడదు. నెలరోజులు రెస్టు తీసుకుని రా. నేనే సార్‌తో చెప్పి నీ బల్ల నీకిప్పిస్తా. మన లైనులోనే పన్నెండు మంది చేయించుకున్నారు. ఆ పీడే ఉండదు."

పీడే ఉండదు. ఆ మాట చెంచులక్ష్మికి చల్లగా తగిలింది. రెండు రోజులు అదే ఆలోచించింది. మూడో రోజు అన్నాల దగ్గర రాఘవమ్మని అడిగింది. రాఘవమ్మ తలకాయలు తుంచే బల్ల దగ్గర ఆమె పక్క మనిషి. వయసులో ఆమెకన్నా ఏడాది చిన్నది. చూస్తే పదేళ్ళు పెద్దదనిపిస్తుంది.

"నువ్వు చేయించుకున్నావు గదా. బాగుండాదా?"

రాఘవమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆపింది. "ముప్పై ఎనిమిదికి తీయించుకున్నా. తెల్లబట్ట అవుతుండాదని పోతే, ఉంచుకుంటే క్యాన్సరొస్తదన్నారు. భయపడి సంతకం పెట్టినా. గర్భసంచితో పాటు ఇంకేమేం తీసినారో నాకు చెప్పలా." అరచేయి చాపి చూపించింది. వేళ్ళు పూర్తిగా తెరుచుకోలేదు. "నీకిప్పుడొస్తుండాదే సెగ, అది నాకు ఆపరేషనైన మూడో నెలలోనే పట్టుకుంది. అప్పుడు నా కూతురికి పదమూడేళ్ళు, అది పెద్దమనిషయ్యే వయసుకే నాకు ముట్లుడిగినాయి. ఎముకలు గుల్లబారినాయన్నారు. బాగుండాదా అంటే ఏం చెప్పేది? రక్తం మాత్రం పోవడంలా."

"అందరూ చేయించుకోమంటుండారు."

"అనే వాళ్ళకేం పోతుందమ్మే? తొందరపడబాక. ముందు పెద్దాస్పత్రిలో చూపించుకో."

చెంచులక్ష్మి ఒకరోజు కూలి పోగొట్టుకుని నెల్లూరు పెద్దాస్పత్రికి పోయింది. ఓపీ వరసలో పొద్దుననగా నిలబడితే లోపలికి పోయేసరికి పన్నెండు దాటింది. డాక్టరమ్మ కంటి కింది రెప్పలు లాగి చూసింది. రక్తం పరీక్షకి, స్కానింగుకి పంపించింది. సాయంత్రం ఆ కాగితాలు తిరగేసి అడిగింది.

"వయసెంత?"

"నలభై ఎనిమిదమ్మా."

"గర్భసంచిలో ఏ జబ్బూ లేదు. ముట్లుడిగే వయసు ఇది. కొంతమందికి తెలియకుండానే దాటిపోతుంది, కొంతమందిని ఇట్టా ఏడిపిస్తుంది. రక్తం మాత్రం ఏడుంది నీకు, పన్నెండు ఉండాలి. మందులు రాస్తాను, మూడు నెలలు వాడు. తగ్గకపోతే అప్పుడు ఇంకేం చేయాలో చూద్దాం."

"అయితే గర్భసంచి తీసెయ్యబళ్ళేదా?"

"ఎవరు తీయించుకోమన్నారు?"

డాక్టరమ్మ తొందరపెట్టలేదు. మెల్లగా అంతా బయటికి వచ్చింది. కార్డులు, కెమెరా, కోటు మీద మరక, మొహం తిప్పుకుని పోయిన మనిషి. చెప్పడం పూర్తయ్యాక డాక్టరమ్మ ఒక కాగితం తీసుకుని తెలుగులోనే రాసింది. ఈమెకి కొన్ని నెలలపాటు అవసరమైనప్పుడల్లా బాత్రూంకి వెళ్ళే వీలు ఉండాలి, మధ్యమధ్య కూర్చోనివ్వాలి, ఇది పనికి అడ్డువచ్చే జబ్బు కాదు. కింద ముద్ర వేసింది.

ఆ కాగితాన్ని చెంచులక్ష్మి నలగకుండా కవరులో పెట్టి తీసుకుపోయింది. మర్నాడు నరేంద్రబాబు దాన్ని ఒకసారి చదివాడు. రెండోసారి చదివాడు.

"అంటే నువ్వే ఒప్పుకుంటున్నావు గదా, పని చెయ్యలేనని."

"లేదు సార్. చెయ్యగలనని రాసుండాది."

"అవసరమైనప్పుడల్లా అని రాసుంది. నలభై మందీ ఇట్టాంటి కాగితాలు తెస్తే నేను లైను ఎట్టా నడిపేది? వచ్చే వారం బయటి దేశం నుంచి కొనేవాళ్ళు చూసేదానికి వస్తుండారు. వాళ్ళ ముందు కోటు మీద..." అతను వాక్యం పూర్తిచేయలేదు. ఆమె చెప్పలేకపోయిన మాట అతనికి ముందే తెలుసని చెంచులక్ష్మికి అప్పుడు అర్థమైంది. ఫోన్ మాట్లాడుతున్నావా అని అడిగిన రోజు కూడా తెలిసే ఉంటుంది.

అతను సొరుగులోంచి ఒక ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. పెన్ను దాని మీద పెట్టాడు.

"సంతకం పెట్టమ్మా. రావాల్సిన పీఎఫ్ పదిహేను రోజుల్లో వస్తుంది. ఆరోగ్యం కుదుటపడ్డాక రా, చూద్దాం."

"పెట్టేయక్కా," అంది పక్కనే నిలబడ్డ విజయకుమారి మెల్లగా. "సార్ మళ్ళీ పిలుస్తారు."

చెంచులక్ష్మికి సంతకం వచ్చు, చదవడం అంతంతమాత్రం. "ఏముందో చదువమ్మా," అంది.

విజయకుమారి ఫారం చేతిలోకి తీసుకుంది. "నేను, అంటే నువ్వు... నా సొంత ఇష్టంతో, కుటుంబ కారణాల వల్ల, ఎవరి ఒత్తిడీ లేకుండా..." అక్కడ ఆగిపోయింది. గదిలో ఏసీ మీద పడేట్టు వీస్తోంది. అయినా విజయకుమారి నుదుటి మీద చెమట పట్టింది. ముందు కణతల దగ్గర, తర్వాత పై పెదవి మీద, తర్వాత మెడంతా. మొహం కందిపోయింది. ఫారంతోనే విసురుకోబోయి, సార్ చూస్తున్నాడని చేయి దించేసుకుంది. కొంగుతో మెడ తుడుచుకుని చెంచులక్ష్మి వైపు చూసింది. చెప్పొద్దని వేడుకునే చూపు అది.

విజయకుమారికి నలభై ఆరు. ఇద్దరు పిల్లలు ఇంజనీరింగ్ చదువుతున్నారు. ఈ సూపర్‌వైజర్ ఉద్యోగానికి ఎన్నేళ్ళు ఎదురుచూసిందో చెంచులక్ష్మికి తెలుసు.

ఈమెకీ ఇదే వయసు సార్ అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆమెని బజారున పెట్టి తను బాగుపడేదేముంది?

"మిగతాది చదవబళ్ళేదులే," అంది. పెన్ను తీసి పక్కన పెట్టింది. "సార్, నా కుటుంబంలో ఏ కారణమూ లేదు. నాకు ముట్టు ఆగిపోయే వయసు. అంతే. జబ్బు కాదు, తప్పు కాదు. సొంత ఇష్టమని రాసినారే, అది నా ఇష్టం కాదు. సంతకం పెట్టను."

నరేంద్రబాబు మొహం ఎర్రబడింది. పొగరు అనుకున్నాడో, ఆ మాట పైకి వినాల్సి వచ్చిందని సిగ్గుపడ్డాడో తెలియదు. "పెట్టకపోతే పని ఉంటుందనుకుంటున్నావా?"

"ఉండదేమో సార్. తీసేయాలంటే మీరే తీసేసి, ఎందుకు తీసేసినారో మీరే రాసివ్వండి."

డాక్టరమ్మ కాగితం తీసి మళ్ళీ కవరులో పెట్టుకుంది. తలుపు తెరుచుకుని బయటికి వచ్చింది. గేటు ఎడమ వైపు ఉంది, హాలు కుడి వైపు. కుడి వైపు తిరిగింది.

తలకాయలు తుంచే బల్ల దగ్గర ఆమె చోటు అప్పటికే మూసుకుపోయింది. ఇద్దరి మధ్య గాలి దూరే సందు లేదు. ఆమె వచ్చి వెనక నిలబడిందని అందరికీ తెలిసింది. ఎవరూ తలెత్తలేదు. కెమెరా కింద ఎవరి భయం వాళ్ళది. చాలాసేపటికి రాఘవమ్మ తల వంచుకునే, తన ట్రేని అరడుగు పక్కకి జరిపింది.

చెంచులక్ష్మి ఆ అరడుగులోకి భుజం దూర్చి నిలబడింది. ఐసులో చేతులు పెట్టింది.

పైన మైకులో ఆమె పేరు వినిపించింది. చెంచులక్ష్మి వెంటనే ఆఫీసుకి రావాలి. బల్ల పొడవునా చేతులన్నీ ఒక్క క్షణం ఆగాయి. ఆమె ఒక రొయ్య తీసుకుని తల తుంచింది. మైకు మళ్ళీ ఆమె పేరు పిలిచింది. ఆమె ఇంకో రొయ్య తీసుకుంది.