యాభయ్యో రాజీ

ఆళ్లగడ్డలో తొమ్మిదిన్నర బస్సెక్కేటప్పుడు ఉమామహేశ్వరమ్మ మనసు తేలిగ్గానే ఉంది. ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పి రిటైరైన ఆమె, ఏడాదిగా మున్సిపాలిటీ వాళ్ల రాజీ కేంద్రంలో కూర్చుంటోంది. గట్టు తగాదా కానీ, నీళ్ల తగాదా కానీ, అత్తాకోడళ్ల తగాదా కానీ, కోర్టు మెట్లెక్కకముందే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం ఆమె పని. గది అద్దె, గుమాస్తా శ్యాంసుందర్ జీతం, తాగే నీళ్ల క్యానుతో సహా అన్నీ మున్సిపాలిటీ నిధులే. యాభై రాజీలు చూపిస్తే మరో ఏడాది ఇస్తామన్నారు. మార్చి ఆఖరు రోజుకు సరిగ్గా యాభై అయ్యాయి.

ఆ యాభయ్యో రాజీ మనిషి ఇప్పుడామె పక్కనే, కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పేరు మణెమ్మ. ఇంట్లో జాకెట్లు కుడుతుంది. పక్కనే విగ్రహాలు చెక్కే సురేష్ షెడ్డు. రాయి కోసే మిషన్ దుమ్ము ఇంట్లోకొస్తోందని ఆమె ఫిర్యాదు. కోర్టుకు పోతానన్న మనిషిని శ్యాంసుందరే నచ్చజెప్పి కేంద్రానికి పిలుచుకొచ్చాడు. నాలుగో తరగతి నుంచి ఏడు దాకా మణెమ్మ ఉమామహేశ్వరమ్మ దగ్గరే చదివింది. కుర్చీలో మేడంను చూడగానే చెప్పులు గడప బయటే విడిచి వచ్చింది. ముప్పావు గంటలో రాజీ అయిపోయింది. పది నుంచి అయిదు దాకానే మిషన్ నడపాలి. నీళ్లు చల్లుకుంటూ కొయ్యాలి. మణెమ్మ కోర్టుకు పోకూడదు. "నీకు సమ్మతమేనా?" అని అడిగితే, "మీరు చెప్పినాక ఇంకేముంది మేడం" అని సంతకం పెట్టింది.

జిల్లాలోని మున్సిపాలిటీల రాజీ కేంద్రాలన్నిటికీ నంద్యాలలో ఈరోజు నిధుల సమావేశం. రాజీతో మేలు జరిగిన వాళ్లను ఒకరిని తీసుకొచ్చి నాలుగు మాటలు చెప్పించమన్నారు. అడగ్గానే మణెమ్మ సరేనంది.

సిరివెళ్ల దాటాక మణెమ్మ ఫోను మోగింది. అవతల ఆడపిల్ల గొంతు బస్సు మోతలో కూడా గట్టిగా వినబడుతోంది.

"మా, ఎప్పుడొస్తావ్?"

"వస్తాలేమ్మా ఆదివారం. మందు తాగినావా?"

"తాగినా. అవ్వ తిట్టింది, చేదుగా ఉందని ఉమ్మేసినానని. నేను ఇంటికొస్తా మా. ఈడ నాకు జత ఎవురూ లేరు."

"దగ్గు తగ్గనీలే. ఫోను అవ్వకియ్యి."

మణెమ్మ ఫోను పెట్టేసింది. ఉమామహేశ్వరమ్మ అడిగింది: "పాప యాడుంది?"

"అర్చనా? మా అమ్మోళ్ల దగ్గర మేడం, ఆత్మకూర్లో. నెలయితాంది. డాక్టరు దుమ్ములో ఉంచొద్దన్నాడు."

"సురేష్ మాట తప్పినాడా?"

"లేదు మేడం, పాపం. గడియారం చూసుకొని నడిపిస్తాండాడు. రాసింది రాసినట్లే."

"మరి దుమ్మెట్ల వస్తాంది? సందు దాటి వస్తాందా?"

మణెమ్మ ఆమె వైపు తిరిగింది. "సందేడిది మేడం? ఆయన గోడ, మా గోడ ఒకటే. మా వంటింటి కిటికీ ఆయన షెడ్డులోకే తెరుచుకుంటాది. మూసి తడిగుడ్డలు కడితే పొయ్యి కాడ ఊపిరాడదు. పది నుంచి అయిదు దాకా నేను కుట్టు మిషన్ కాడనే కదా కూసుండేది. జాకెట్లు తెల్లగయితాయని కొలతలిచ్చినోళ్లు వాపసు తీసకపోతాండారు." చిన్నగా నవ్వింది. "ఒకామె అనింది, పౌడరు కొట్టి ఇస్తాండావా మణెమ్మా అని."

ఉమామహేశ్వరమ్మ నవ్వలేకపోయింది. ఒళ్లో ఉన్న ఫైలు బరువెక్కినట్లనిపించింది.

రాజీ కాగితంలో నాలుగో గడి ఉంది. 'మధ్యవర్తి స్వయంగా స్థలం చూశారా?' అని. మిగతా నలభై తొమ్మిదికీ ఆమె ఎండలో పడి తిరిగింది. గట్లు తొక్కింది, పంపుల దగ్గర నిలబడింది. యాభయ్యోదానికి మాత్రం పోలేదు. ఆఖరు రోజు. సాయంత్రం అయిదుకల్లా నంద్యాలకు లెక్క పంపాలి. పక్కిల్లే కదా అనుకుంది. మధ్యలో సందు ఉన్నట్లు తనకు తానే ఊహించుకుంది. పది నుంచి అయిదు అంటే పిల్ల బడిలో ఉంటుంది కదా అని లెక్క వేసుకుంది. ఆ గడిలో 'చూశాను' అని రాసింది. తప్పు రాస్తే పిల్లల చేత పదిసార్లు దిద్దించిన చేత్తోనే రాసింది.

"నాకు చెప్పొచ్చు కదమ్మా మణెమ్మా," అంది.

"ఏమని చెప్పేది మేడం? మీరు రాసింది తప్పు అనా?"

నంద్యాల బస్టాండులో దిగి ఇద్దరూ సమావేశానికి నడిచారు.

సమావేశం గదిలో ఏసీ చల్లగా ఉంది. టీ ఇచ్చారు. పెద్దాఫీసరు వినీత గారని, ముప్పై అయిదేళ్లు కూడా ఉండవు, ప్రతి కేంద్రం వాళ్ల మాటలూ శ్రద్ధగా విని రాసుకుంటోంది. ఆళ్లగడ్డ వంతు వచ్చినప్పుడు మణెమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"నమస్తే మేడం. మాది ఆళ్లగడ్డ. నాకూ మా పక్కింటాయనకూ దుమ్ము తగాదా. కోర్టుకు పోయింటే ఏండ్లు పట్టేది. మా మేడం ముప్పావు గంటలో తీర్చింది. ఇప్పుడు ఆయనా నేనూ మాట్లాడుకుంటాండాం. పండగకు వాళ్లింట్ల నుంచి ఓళిగలు కూడా వచ్చినాయి. అంతే మేడం."

"ఇప్పుడు ఇబ్బందేమీ లేదు కదమ్మా?" అడిగింది వినీత.

ఉమామహేశ్వరమ్మ కుర్చీ చేతిని పట్టుకుంది. ఇప్పుడు లేవాలి, అనుకుంది. శ్యాంసుందర్ గుర్తొచ్చాడు. మొన్ననే కొడుకు పుట్టాడు. కేంద్రం మూతపడితే ఆ పని పోతుంది. నీళ్ల తగాదాతో రేపు వస్తామన్న అన్నదమ్ములు గుర్తొచ్చారు. వాళ్ల అవసరాలు నిజమే. కానీ వాళ్లను అడ్డం పెట్టుకుని తాను కూర్చునే ఉందన్నదీ ఆమెకు తెలుసు.

"ఏం లేదు మేడం," అంది మణెమ్మ.

చప్పట్లు కొట్టారు. ఆళ్లగడ్డ కేంద్రానికి ఇంకో ఏడాది నిధులు ఇచ్చినట్లు వినీత అక్కడే సంతకం పెట్టింది. "మీలాంటి టీచర్లుండటం అదృష్టం," అంది. ఉమామహేశ్వరమ్మ రెండు చేతులూ జోడించింది. ఆ చేతులు తనవి కావన్నట్లు చూసుకుంది.

బస్టాండుకు తిరిగొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఉమామహేశ్వరమ్మ చెరకురసం ఇప్పిస్తానంది. మణెమ్మ వద్దంది.

"మణెమ్మా, నేను మీ ఇల్లు చూడలేదు. చూసినానని రాసినా."

"తెలుసు మేడం."

"తెలుసా?"

"నాలుగో గడి చదివినాకే కదా సంతకం పెట్టింది. చదవడం మీరే నేర్పించినారు." గొంతులో ఎగతాళి లేదు. అదే ఉమామహేశ్వరమ్మకు ఎక్కువ గుచ్చుకుంది.

"మరి ఎందుకు పెట్టినావే?"

"మీ మొగం చూసి. నంద్యాలకు కాగితం పోవాలని గడియారం చూస్తాంటిరి. ఇన్నాళ్లకు మేడం నన్ను ఒకటి అడిగింది, కాదంటే ఎట్ల అనుకుంటి." మణెమ్మ సంచిలోంచి రాజీ కాగితం నకలు తీసింది. మడతల దగ్గర అరిగిపోయింది. "ఈరోజు కూడా అందుకే వచ్చినా. మీ పని అయిపాయ. ఇప్పుడు నాదొక పనుంది."

"చెప్పమ్మా."

"మా అక్క కొడుకు జాన్ ఈడ ఒక లాయరమ్మ దగ్గర పనిచేస్తాడు. రెండు గంటలకు రమ్మన్నాడు. కోర్టుకు పోనని సంతకం పెట్టినావు కదా, ఇది ఎట్ల రాసినారో తెలియాలంట. మీరు స్థలం చూడలేదని దీని కింద రాసిస్తారా మేడం?"

ఉమామహేశ్వరమ్మ ఆ కాగితం వైపు చూసింది. ఇది రాస్తే ఇందాక వినీత పెట్టిన సంతకం నిలవదు. యాభై నలభై తొమ్మిదవుతుంది. వినీత మళ్లీ పిలిపిస్తుంది. ఈసారి చప్పట్లుండవు.

"ఊర్లోనే అడగొచ్చు కదే. సమావేశానికి ముందే."

"ముందే అడిగితే మీకు నిధులు రావు కదా. నా మూలంగా పోయినాయని అనుకుంటారు. ఇప్పుడు ఉంచుకోవడమా, పోగొట్టుకోవడమా, మీ ఇష్టం."

కర్నూలు బస్సొకటి హారన్ కొట్టుకుంటూ వెనక్కి వచ్చింది. ఉమామహేశ్వరమ్మ ఫైలును ఒళ్లో బల్లలా పెట్టుకుని, పెన్ను తీసి రాసింది. 'పై రాజీ రాసేటప్పుడు తొందరలో స్థలం చూడలేదు. చూశానని రాసినది నిజం కాదు.' సంతకం, తేదీ పెట్టి ఇచ్చింది.

మణెమ్మ వేలు పెట్టుకుంటూ రెండుసార్లు చదివింది.

"తొందరలో అని రాసినారు మేడం. ఎవురి తొందరో రాయలేదు. లాయరమ్మ నా తొందర అనుకుంటాది."

ఉమామహేశ్వరమ్మ కాగితం వెనక్కి తీసుకుంది. 'తొందరలో' అన్న మాటకు ముందు కాస్త చోటుంది. అందులో 'నా' అని రాసింది. చిన్న అక్షరమే అయినా రాయడానికి చాలాసేపు పట్టింది.

"నేను కూడా రానా? లాయరమ్మతో చెప్తా."

"వద్దు మేడం," అంది మణెమ్మ. కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. "మీరుంటే నేను మళ్లీ సరే అంటా."

రోడ్డు దాటి, ఆటోల మధ్య నుంచి నడుచుకుంటూ పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆళ్లగడ్డ బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. ఉమామహేశ్వరమ్మ లేవలేదు.