బిషప్‌కి కుదరని ఇళ్ళు

మా గుర్రాల ఆశ్రయంలో పదకొండు గదులున్నాయి. గుర్రాలూ పదకొండే. శుక్రవారానికి పన్నెండోది రావాలి. రాళ్ళ క్వారీ దగ్గర ఎవరో వదిలేసిన ఆడగుర్రం, కుంటిది, పైగా కడుపుతో ఉంది. చలిలో బయట ఉంచితే బతకదనీ, లోపల చోటు లేకపోతే సూది వేసి బాధ తప్పించడమే మేలనీ పశువుల డాక్టరు చెప్పాడు.

అంటే మా పదకొండుమందిలో ఎవరో ఒకరు పెంచుకునేవాళ్ళింటికి వెళ్ళాలి. తయారుగా ఉన్నవాడు బిషప్ ఒక్కడే. తెల్లటి, బొద్దు పొట్టి జాతి గుర్రం. ఏడాదిన్నరగా తయారుగానే ఉన్నాడు. ఎవరింటికైనా సంతోషంగా పోతాడు. పంపాల్సింది నేను. చిక్కంతా అక్కడే.

గుర్రాన్ని అడిగినవాళ్ళ ఇల్లూ పొలమూ చూసి సరేననే పని నాది. నలభై మూడు ప్రశ్నల కాగితం నేనే తయారుచేశాను. దాంతో నాలుగు కుటుంబాలని తిప్పి పంపాను. ఒకరి కంచె రెండంగుళాలు పొట్టి. ఒకరి గేటు కిర్రుమంది. ఒకాయన వాణ్ణి "బిష్" అని పిలిచాడు. నాలుగోవాళ్ళలో తప్పేమీ దొరకలేదు. అదే నాకు అనుమానం కలిగించింది.

"ఊనా, మనమ్మాయిని చేసుకుంటానన్న కుర్రాణ్ణి రెండు ప్రశ్నలు కూడా అడగలేదు నువ్వు," అన్నాడు మా ఆయన ఫింటన్.

"వాడికి గిట్టల జబ్బు రాదుగా," అన్నాను.

బుధవారం ఐదో ఇంటికి వెళ్ళాను. అట్రాక్టా అనే డెబ్భై ఏళ్ళావిడది. జత గాడిద పోయినప్పటినుంచి ఆవిడ గాడిద సరిగ్గా మేత ముట్టడం లేదు. దానికి తోడు కావాలట.

టేపుతో కంచె కొలిచాను. నీళ్ళ తొట్టి వాసన చూశాను. నిచ్చెనెక్కి పాక కప్పు తట్టి చూశాను. అట్రాక్టా చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది. పక్కన గాడిదా చూస్తోంది. ఇద్దరి ముఖాల్లోనూ ఒకే జాలి.

గంట గడిచినా వంక దొరకలేదు. నాకు చెమటలు పట్టాయి. అప్పుడు పొలం మూల పసుపు పూల మొక్క కనబడింది. గుర్రాల కాలేయాన్ని పాడుచేసే విషపు మొక్క! పుట్టింటికి వెళ్తున్నంత ఉత్సాహంగా పరుగెత్తాను. గాడిద మూతి తగలకుండా మొక్క చుట్టూ కోళ్ళగూటికి వాడే ఇనుప వల కట్టి ఉంది.

"అట్రాక్టా, ఇది చూశారా?"

"చూడకేం అమ్మాయ్! నీకోసమే ఉంచాను. పొలమంతా పీకి అదొక్కటీ వదిలాను."

"నాకోసమా?"

"వంక దొరక్కపోతే ఊనా కదలదని ఊరంతా చెప్పుకుంటున్నారుగా. మొన్న ఎవరింట్లోనో ఏమీ దొరక్క వాళ్ళనే కాదన్నావట. సరే, నీకూ ఒకటి ఉండనీ అనుకున్నా. రాసుకో తల్లీ. ఈలోగా పార తెస్తాను."

రాసుకున్నాను. ఏభై రెండేళ్ళదాన్ని, బడిలో కాపీకొట్టి దొరికిపోయిన పిల్లలా తల వంచుకుని రాసుకున్నాను. ఆవిడ మొక్కని వేళ్ళతో సహా పెకలించి బకెట్లో వేసింది.

"ఇంకేమన్నా ఉందా?"

"వాడు గురక పెడతాడు," అన్నాను.

"మా ఆయనా పెట్టేవాడు. నలభై ఏళ్ళు వేగాను."

"ఎడమ చెవి వెనక గోకితేగానీ నిద్రపోడు."

"గోకుతాలే. లోపలికి రా, టీ తాగుదువుగాని. ఆ కాగితం మీద సంతకం కూడా అక్కడే పెడుదువు."

గురువారం బిషప్‌ని దింపి వచ్చాను. వాడు బండి దిగి నేరుగా గాడిద దగ్గరికి నడిచాడు. కాసేపు ఒకరినొకరు వాసన చూసుకుని, పక్కపక్కన గడ్డి మేయడం మొదలుపెట్టారు. వాడు నావైపు రెండుసార్లు తిరిగి చూశాడని ఇంట్లో చెప్పాను. ఒక్కసారి కూడా చూడలేదు.

శుక్రవారం క్వారీ గుర్రం వచ్చింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఖాళీ గదిలో మోకాళ్ళ లోతు గడ్డి పరిచాం. అది గుమ్మంలో కాసేపు తటపటాయించి, లోపలికి వెళ్ళి, పెద్దగా నిట్టూర్చి పడుకుంది. డాక్టరు దాని పొట్టమీద చెయ్యి పెట్టి చూసి, సూదిమందు సంచి తెరవకుండానే భుజాన వేసుకున్నాడు.

"చోటెలా వచ్చింది? ఎవరు వెళ్ళారు?"

"బిషప్."

"నువ్వే పంపావా?"

"నేనే," అన్నాను, కాస్త గర్వంగా.

వెనక ఫింటన్ దగ్గాడు.