ఎర్ర కుట్టు బెల్టు

వీరభద్రరావు చావాలి. రెండేళ్ళుగా గంగాదేవి కోరుకున్నది ఇదొక్కటే. ఆటోనగర్‌లో అతని బెల్టుల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు కూర్చుని, రోజూ పొద్దున్నే "నమస్తే సార్" అంటూ, లోపల పళ్ళు నూరుకుంటూ బతికింది.

ఎందుకు నూరదు? బందరు దగ్గర రేవులో ఆమె మొగుడు నాగబాబు, మరమ్మతు కోసం క్రేనుతో పైకెత్తిన పడవ కింద పని చేస్తుండగా, పడవని మోస్తున్న బెల్టు తెగింది. బరువులెత్తే ఆ బెల్టు ఈ ఫ్యాక్టరీలో తయారైనదే. మర్నాడు వీరభద్రరావు చొక్కా నలగకుండా రేవుకొచ్చి, తెగిన ముక్కని చెప్పుకాలితో అటూ ఇటూ కదిపి చూశాడు.

"బెల్టుకి ముడేసుంటాడండీ. ముడేస్తే ఎంత గట్టి బెల్టయినా తెగుద్ది. మందేసుంటాడు, పాపం" అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

అందరూ నమ్మేశారు! మందు వాసనే గిట్టని మనిషి. పదేళ్ళప్పటి నుంచీ తాళ్ళతో బతికినవాడు. బెల్టుకి ముడి వేయకూడదని అతనికి తెలియదా? చేపల వేటకెళ్ళే ఇళ్ళల్లో మగాణ్ణి ముడి తెలియనివాడంటే అంతకు మించిన తిట్టు లేదు. ఆ మాట పడలేక అత్త పోలేరమ్మ రేవుకి వెళ్ళి అమ్మకానికి చేపలు కొనడమే మానేసింది. చేపల తట్ట గోడకి తగిలించి ఇంట్లో కూర్చుంది.

ఆ రోజు వీరభద్రరావు గంగాదేవి ముఖం చూడనైనా చూడలేదు. అందుకే పనికోసం వస్తే గుర్తుపట్టలేదు.

ఫ్యాక్టరీలో ఆమె దారం సంగతి నేర్చుకుంది. పాలిస్టర్‌ని కరిగించి దారం తీశాక, వేడి మీద బాగా లాగి గట్టిపరుస్తారు. అలా లాగినది బరువులెత్తే బెల్టులకి. అంతగా లాగనిది చొక్కాలకీ దుప్పట్లకీ. చూడ్డానికి రెండూ ఒకేలా మెరుస్తాయి. వేలికి చుట్టి గుంజితే మాత్రం గుట్టు బయటపడుతుంది. గట్టి దారం వేలిని కోస్తుంది గాని సాగదు. రెండోది మెత్తగా సాగిపోతుంది. వీరభద్రరావు అంచుల్లో గట్టి దారం పెట్టి, నడుమంతా చొక్కాల దారంతో నేయించేవాడు. చేరిన వారానికే, గంగాదేవి వేలికి చుట్టిన దారం సాగింది. ఆ మధ్యాహ్నం నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

కొనేవాళ్ళు వచ్చినప్పుడు వీరభద్రరావుకి ఒక ఆర్భాటం ఉంది. రెండు టన్నుల ఇనుప దిమ్మెని తన బెల్టుతో క్రేనుకి వేలాడదీయించి, దాని కింద తనే వెళ్ళి నిలబడతాడు. "నా బెల్టు మీద నాకంత నమ్మకమండీ!" అంటాడు. ఆ తర్వాత ఎవరు కొనరు? ఆ బెల్టు మాత్రం మొత్తం గట్టి దారంతో విడిగా నేయించినది. అమ్మే స్టాకులో కలిసిపోకుండా దాని మడతలో ఎర్రదారంతో చిన్న కుట్టు వేయించేవాడు. ఆ కుట్టు వేసేది గంగాదేవే. తన ప్రాణాన్ని తెచ్చి ఆమె సూది కింద పెట్టాడు, మహానుభావుడు!

ఒకరోజు ఓడరేవు కంపెనీ నుంచి శ్రీలలిత అనే ఇంజనీరమ్మ వస్తోందని తెలిసింది. ముందురోజు సాయంత్రం గంగాదేవి ఒక స్టాకు బెల్టుకి కూడా ఎర్ర కుట్టు వేసింది. పొద్దున్నే రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఒకటి తీసి క్రేను దగ్గరికి పంపింది.

దిమ్మె పైకి లేచింది. వీరభద్రరావు మడతలో ఎర్ర కుట్టు ఉందో లేదో ముందే చూసుకున్నాడు. నవ్వుకుంటూ దిమ్మె కిందికి వెళ్ళి చేతులు చాపాడు.

గంగాదేవి మిషను దగ్గర్నుంచి లేచింది.

"సార్! నిన్న స్టాకు బెల్టుక్కూడా ఎర్ర కుట్టేశానండి. మీ పైన ఉన్నది ఏదో నాకు తెలుసు, మీకు తెలవదు. అన్నీ ఒకటే బెల్టులని చెప్తారుగా? భయమెందుకు, నిలబడండి!"

వీరభద్రరావు ఒక్క గెంతు గెంతాడు. చెప్పులు అక్కడే ఉండిపోయాయి.

"దించరా! ముందు దించు! స్టాకుదైతే తెగుద్ది!" అని అరిచాడు.

అరిచాక గాని తనేమన్నాడో అతనికి తెలియలేదు. శ్రీలలిత అతని వంక తిరిగింది.

"మేం కొనబోయేది ఆ స్టాకేగా అండీ?"

గంగాదేవి నడుచుకుంటూ వెళ్ళి దిమ్మె కింద, అతని చెప్పుల పక్కనే నిలబడింది. ఆమెతో కలిసి కుట్టే అమలమ్మ "వద్దే గంగా!" అని కేక పెట్టింది. క్రేను నడిపేవాడు మీట మీంచి చెయ్యి తీసేశాడు.

"నేను నాగబాబు పెళ్ళాన్ని. రేవులో పడవ కింద చచ్చిపోయాడే, ఆ నాగబాబు. మా ఆయన ముడేశాడా సార్? చెప్పండి. మీరు చెప్పందే నేను కదలను."

వీరభద్రరావు దిమ్మె వంక చూశాడు, బెల్టు వంక చూశాడు.

"లేదు" అని గొణిగాడు.

"గట్టిగా చెప్పండి!"

"వెయ్యలేదు! ముడెయ్యలేదమ్మా! మా దారమే... బయటికి రా, నీకు దణ్ణం పెడతా!"

గంగాదేవి కొంగు చాటు నుంచి ఫోను తీసింది. అప్పటికే ఎంతోసేపటి నుంచి అవతల పోలేరమ్మ వింటోంది.

"విన్నావా అత్తా?"

ఫోనులోంచి ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు మధ్యలోనే, "తట్ట దించుతున్నానే. ఇప్పుడే రేవుకి పోతున్నా" అంది పోలేరమ్మ.

అప్పుడు గంగాదేవి తల పైకెత్తి బెల్టు వంక చూసింది.

"ఇది మంచిదేనండి. ఆ రెండోదే తగిలిద్దామని తెల్లవార్లూ అనుకున్నాను. కానీ మీరు చస్తే ఈ మాట ఎవరు చెప్తారు?"