పిక్కల బలం

పూండి దగ్గర జీడితోటల్లో కూలికెళ్లే మిరియంకి జెర్రీ ఒక్కడే కొడుకు. ఐదేళ్లవాడు. ఉబ్బెత్తుగా, గట్టిగా ఉండే వాడి పిక్కలు చూసి అందరూ "పహిల్వానవుతాడే" అని మెచ్చుకునేవారు. మిరియంకి ఆ మెప్పు వింటే భయమేసేది. కూర్చున్న వాడు లేవాలంటే చేతులు మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద ఆనించి, తన ఒంటిని తానే ఎక్కినట్టు లేచేవాడు. పద్దెనిమిదో ఏట చనిపోయిన ఆమె తమ్ముడు ప్రదీప్ కూడా చిన్నప్పుడు అచ్చం అలాగే లేచేవాడు.

మెట్లెక్కలేకపోతే బద్ధకమని భర్త అంద్రెయ వాణ్ణి రెండుసార్లు కొట్టాడు.

మిరియం తన తల్లి సువర్ణమ్మని అడిగింది. "తమ్ముడిది ఏటి జబ్బే?"

"జొరం. ఈడికీ ఆడికీ ఏటి సమ్మందం?" అంది సువర్ణమ్మ, తల ఎత్తకుండా.

కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఆ ఉద్దానం ప్రాంతంలో ఎవరికి నలతగా ఉన్నా ముందు కిడ్నీ పరీక్షే. టెక్కలిలో చేయించారు. లోపమేమీ కనబడలేదు. వాడు పడిపోవడం మాత్రం ఎక్కువైంది. చివరికి విశాఖలో జన్యుపరీక్ష చేసి, డాక్టర్ సత్యవేణి జెర్రీతో పాటు తల్లిదండ్రుల్నీ, అమ్మమ్మనీ కూర్చోబెట్టింది.

"ఇది కండరాలు క్షీణించే జబ్బు. ఆ పిక్కల ఉబ్బు బలం కాదు, ఈ జబ్బు గుర్తే. ఎక్కువగా తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుంది. మీ పుట్టింట్లో ఎవరికైనా ఉందా?"

మిరియం తల్లి వైపు తిరిగింది. సువర్ణమ్మ నోరు విప్పింది.

"ప్రదీప్ ఉన్నప్పుడే, ఆడిదీ ఈ జబ్బేనని, వంశంలో వస్తాదని పెద్దాసుపత్రిలో నాకు సెప్పినారు, డాక్టరమ్మా. ఆడపిల్లలిద్దరికీ పెళ్లిళ్లవ్వవని నోరు మూసుకున్నాను."

"అప్పుడే సెప్పుంటే నాను..." అని మిరియం ఆగిపోయింది. జెర్రీ ఆమె ఒళ్లోనే ఉన్నాడు. అంద్రెయ కొడుకు వైపు చూడలేకపోయాడు.

"ఇది ఎవరి పాపమూ కాదు," అంది డాక్టర్. "పూర్తిగా నయం కాదు. అయినా మందులతో, వ్యాయామంతో, గుండెని కనిపెట్టుకుంటూ ఉంటే నడిచే రోజులు పెంచుకోవచ్చు." ఆమె సువర్ణమ్మ వైపు తిరిగింది. "మీ రెండో అమ్మాయికి పిల్లలున్నారా?"

జలంత్రకోటలో కాపురమున్న మిరియం చెల్లెలు షాలినికి అప్పుడు కడుపుతో మూడో నెల.

సువర్ణమ్మే అల్లుడి చేతిలోని ఫోను అడిగి తీసుకుంది.

"షాలినీ, అమ్మనే. కూకో. ఏళ్ల కిందట సెప్పాల్సిన మాటొకటి ఇప్పుడు సెప్తన్నాను, ఇను."

అంతా విన్నాక షాలిని ఒక్కటే అడిగింది: "పరీచ్చకి ఎప్పుడు రమ్మన్నారే?"

వంశంలో నడిచే జబ్బుని పరువు కోసం దాచిన ప్రతి ఇల్లూ, ఇంకా పుట్టని బిడ్డ దాకా దానికి దారి వదులుతుంది.